సన్‌డ్యూ నిద్రపోయిందా, చచ్చిపోయిందా? మూడు రకాల రివ్యూ

నమస్కారం అండి. ఇవాళ టేబుల్ మీద మూడు సన్‌డ్యూలు, అంటే ఆకుల మీది బంకతో పురుగుల్ని పట్టి తినే మొక్కలు: ఫిలిఫార్మిస్, కేపెన్సిస్, బర్మానీ. ఏది ఎన్ని దోమల్ని పడుతుందని కాదు, ఏది ఎప్పుడు పడుకుంటుంది, ఎప్పుడు పూస్తుందన్నదే చూద్దాం. కొన్న మొక్క దక్కేదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది.

ముందు ఫిలిఫార్మిస్. దారాల్లాంటి ఆకులు, గులాబీ రంగు పూలు. పగలు కురచై చలి ముదిరేసరికి ఆకులన్నీ నల్లబడి, నడిమిన నూగు మొగ్గ (పూమొగ్గ కాదు, మళ్లీ ఆకులు చిగురించేది) ఒక్కటే మిగులుతుంది. చాలామంది చెత్తబుట్టలో పడేసేది దీన్నే! వేలితో నొక్కండి. గట్టిగా ఉంటే నిద్ర, మెత్తగా నలిగితే కుళ్లు. 10 డిగ్రీల లోపు చలి మూడు నెలలు కావాలి. హైదరాబాద్ చలి చాలదు, విజయవాడ మాటే వద్దు. కాబట్టి ఫ్రిజ్. మొగ్గని వేర్లతో సహా తీసి కడిగి, గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచులో చుట్టి, జిప్ కవర్లో పెట్టి కూరగాయల అరలో ఉంచండి. ఫ్రీజర్లో పెడితే అంతే సంగతులు. రెండు వారాలకోసారి తెరిచి చూడండి. నాచు మరీ తడిగా ఉంటే బూజు పడుతుంది. నిద్ర ఎగ్గొడితే మొక్క ఏటేటా చిక్కిపోతుంది. ఇంత చాకిరీకి మైదానాల్లో మా మార్కులు తక్కువే. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు మాత్రం నిశ్చింతగా కొనొచ్చు, అది దాని పుట్టిల్లు.

కేపెన్సిస్ దక్షిణాఫ్రికాది, నిద్ర అక్కర్లేదు. మే నెలలో బంక ఆరి పైభాగం ఎండిందంటే అది వడదెబ్బ. షేడ్‌నెట్ కింద తడి ఆరకుండా ఉంచితే చాలాసార్లు వేర్ల నుంచి పిలకలొస్తాయి. పూకాడ చుట్ట విప్పుకుంటూ లేస్తుంది. రోజుకో పువ్వు, అదీ వెలుతురుంటేనే విచ్చుతుంది. తనంతట తానే గింజ కడుతుంది. కాయలు ఎండేలోపు కత్తిరించకపోతే పక్క కుండీలన్నీ దీని పిల్లలే. మొదటిసారి కొనేవాళ్లు ఇదే తీసుకోండి.

బర్మానీ మన దేశంలోనూ పెరిగేదే. తెల్లని పూలు. సాధారణంగా ఏడాది మొక్క, గింజ కట్టాక పోతుంది. దీని పూకాడ కత్తిరించారో, వచ్చే ఏటికి ఏమీ మిగలదు. గింజల్ని కాగితం మీద దులిపి తడి పీట్ (చిత్తడి నేలల్లో నాచు మగ్గి తయారయ్యే మట్టి) మీద చల్లండి. పైన మట్టి కప్పొద్దు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి.

మూడింటికీ కుండీలో పీట్, పర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళ్లు) సగం సగం. ఎరువు వద్దు. నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 50 పీపీఎం లోపుండాలి, వాన నీళ్లయితే మేలు. ఇంట్లో ఆర్వో మినరల్స్ కలిపే రకమైతే మీటర్‌తో కొలిచాకే పోయండి.