పిడికిలి వేరు, భుజం వేరు

శ్రోతలకు నమస్కారం.

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు, పచ్చటి టర్ఫ్ గుర్తొస్తుంది. ఈరోజు నేను చెప్పబోయేది ఆ హాకీ సంగతి కాదు. కెనడాలో చలికాలమంతా ఊళ్ళకు ఊళ్ళనే టీవీల ముందు కూర్చోబెట్టే ఐస్ హాకీ సంగతి. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న మంచు మీద, స్కేట్లు కట్టుకుని, గోల్ కాపాడే గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు చొప్పున దూసుకుపోతుంటారు. బంతి ఉండదు. పక్ అనే గుండ్రటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఎదుటివాడి దగ్గర పక్ ఉన్నప్పుడు అతన్ని భుజంతో గుద్ది పడగొట్టడం తప్పు కాదు, అది ఆటలో భాగమే.

ఉద్యోగరీత్యా ఎడ్మంటన్‌లో ఆరేళ్ళు ఉన్నాను. వెళ్ళిన మొదటి చలికాలంలోనే మా ఆఫీసులో ఒకాయన తన దగ్గరున్న రెండో టికెట్ నాకిచ్చి మ్యాచ్‌కి తీసుకెళ్ళాడు. అద్దం వెనక రెండో వరుసలో కూర్చున్నాం. ఆట సగంలో ఉండగా ఇద్దరు ఆటగాళ్ళు ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు. ఆ వెంటనే ఇద్దరూ చేతి తొడుగులు కింద పడేశారు. కర్రలు ఎటో జారిపోయాయి. మిగతావాళ్ళు దూరంగా జరిగారు. రిఫరీలు కూడా పక్కన నిలబడి చూస్తున్నారే తప్ప ఆపలేదు. ఒకడి జెర్సీ ఒకడు ఎడమచేత్తో బిగించి పట్టుకుని, కుడిచేత్తో ముఖాల మీద గుద్దుకున్నారు. ఒకడు కింద పడ్డాకే రిఫరీల సహాయకులు, లైన్స్‌మెన్, మధ్యలోకి వచ్చారు. వేలమంది లేచి నిలబడి అరుస్తున్నారు. నేనూ లేచాను. అది దాచుకోను.

కానీ ఆ రాత్రి నా మనసులో నిలిచిపోయింది ఆ అరుపు కాదు. ఇద్దరికీ చెరో అయిదు నిమిషాల శిక్ష పడింది. పెనాల్టీ బాక్స్ మాకు దగ్గర్లోనే ఉంది. అందులో కూర్చున్న కుర్రాడు కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా ముడిచి, తెరిచి చూసుకుంటున్నాడు. కణుపుల దగ్గర చర్మం చిట్లి నెత్తురు వస్తోంది. ఆట మళ్ళీ మొదలైంది, జనం అతన్ని మర్చిపోయారు. ఆ అయిదు నిమిషాలూ అతను తల ఎత్తలేదు, చెయ్యే చూసుకున్నాడు. "వాడి పనే అది" అన్నాడు మా ఆఫీసాయన.

ఆ పనికి ఎన్‌ఫోర్సర్ అని పేరు. మన మాటల్లో చెప్పాలంటే జట్టు పెట్టుకున్న వస్తాదు. గోల్స్ కొట్టడం అతని బాధ్యత కాదు. మన స్టార్ ఆటగాడి మీద ఎవడైనా చెయ్యి వేస్తే వాడి సంగతి చూడాలి. అసలు ఆ ఆలోచనే ఎవడికీ రాకుండా బెంచీ మీద కనబడుతూ కూర్చోవాలి. ఇలాంటి మనిషి జట్టుకు ఇంకా అవసరమా అన్న వాదన అక్కడ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

మొదట్లో ఇది ప్రత్యేకంగా ఒకడి ఉద్యోగం కాదు. డెట్రాయిట్ జట్టు మహా ఆటగాడు గోర్డీ హో తన తగాదాలు తనే తేల్చుకునేవాడు. 1959లో న్యూయార్క్ రేంజర్స్‌లో కొట్లాటలకు పేరుపడ్డ లూ ఫాంటినాటోతో తలపడి అతని ముక్కు పగలగొట్టాడు. దాన్ని ఒక పద్ధతిగా మార్చింది 1970లలో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్. ఆ జట్టులో డేవ్ షుల్ట్జ్ 1974-75 సీజన్‌లో 472 పెనాల్టీ నిమిషాలు తెచ్చుకున్నాడు. 60 నిమిషాల మ్యాచ్‌లు దాదాపు ఎనిమిది, పూర్తిగా శిక్షలోనే గడిచినంత. ఆ రికార్డును ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. ఫ్లయర్స్ 1974లోనూ 1975లోనూ, ఆ ఏటి విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. దాంతో మిగతా జట్లన్నీ మనకూ ఒక షుల్ట్జ్ కావాలి అనుకున్నాయి. ఆ రెండేళ్ళూ, సీజన్ చివర కప్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి పొందింది మాత్రం షుల్ట్జ్ కాదు, గోలీ బెర్నీ పేరెంట్. పిడికిలి అందరి కంటికీ కనబడింది, గోలీ పనితనం కనబడలేదు.

ఎన్‌ఫోర్సర్ ఉండాలనేవాళ్ళ గట్టి వాదన నేనున్న ఎడ్మంటన్‌లోనే వినాలి. ఆ జట్టు మహా ఆటగాడు వేన్ గ్రెట్స్‌కీ సన్నటి మనిషి. అతని పక్కన వస్తాదు డేవ్ సెమెంకో ఉండేవాడు కాబట్టి ఎవరూ గ్రెట్స్‌కీ జోలికి పోలేదంటారు. 1983 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడిగా కారు బహుమతి వస్తే గ్రెట్స్‌కీ దాన్ని సెమెంకోకి ఇచ్చేశాడు. 1988 ఆగస్టులో గ్రెట్స్‌కీని లాస్ ఏంజెలిస్‌కి పంపినప్పుడు ఇంకో వస్తాదు మార్టీ మెక్‌సోర్లీ కూడా వెంట వెళ్ళాడు. కాపాడినవాడి మీద ఆ కృతజ్ఞత నిజమైనదే. దాన్ని నేను తక్కువ చెయ్యను.

అయితే ఆ మెక్‌సోర్లీ కథ అక్కడితో ఆగలేదు. 2000 ఫిబ్రవరిలో, బోస్టన్ తరఫున ఆడుతూ, మ్యాచ్ ఇంకొన్ని సెకన్లలో అయిపోతుందనగా వాంకూవర్ ఆటగాడు డోనల్డ్ బ్రషీర్ తల మీద కర్రతో కొట్టాడు. బ్రషీర్ వెనక్కి పడి, తల మంచుకు తగిలి, స్పృహ తప్పాడు. కోర్టు మెక్‌సోర్లీని దోషిగా తేల్చింది. కారణం చూస్తే, అదే మ్యాచ్‌లో అంతకుముందు ఇద్దరూ కొట్లాడుకున్నారు, అందులో బ్రషీర్‌దే పైచెయ్యి అయింది. ఇద్దరూ వస్తాదులే. ఇద్దరిలో ఎవరూ ఇంకొకరిని భయపెట్టి ఆపలేకపోయారు.

2004 సంగతి ఇంకా బాధాకరం. కొలరాడో కుర్రాడు స్టీవ్ మూర్ ఒక మ్యాచ్‌లో వాంకూవర్ కెప్టెన్‌ని గట్టిగా గుద్దాడు. దానికి బదులు తీర్చుకోవాలని వాంకూవర్ వాళ్ళు కాచుకుని ఉన్నారు. మార్చి 8న మళ్ళీ ఎదురుపడ్డప్పుడు మూర్ మొదటి పీరియడ్‌లోనే ఒకడితో కొట్లాడి ఆ బాకీ తీర్చేశాడు. వాళ్ళ కట్టుబాటు ప్రకారం లెక్క సరిపోవాలి. అయినా మూడో పీరియడ్‌లో టాడ్ బెర్టూజీ వెనక నుంచి వచ్చి అతన్ని తల మీద గుద్ది మంచు మీదికి పడేశాడు. మూర్ మెడ ఎముకలు విరిగాయి. అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. పిడికిళ్ళు రక్షణ ఇస్తాయి అని ఎవరైనా అన్నప్పుడు నాకు మూర్ గుర్తొస్తాడు.

మరి రక్షణ ఎవరివ్వాలి? రిఫరీ ఇవ్వాలి, లీగ్ ఇవ్వాలి. వాళ్ళు ఇవ్వనప్పుడు ఏమవుతుందో 2021 మే నెలలో చూశాం. వాషింగ్టన్‌కి చెందిన టామ్ విల్సన్ ఒక గుంపు కొట్లాటలో రేంజర్స్ స్టార్ ఆర్టెమీ పనారిన్‌ని మంచు మీదికి విసిరికొట్టాడు. పనారిన్‌కి ఆ సీజన్ అక్కడితో అయిపోయింది. అదే కొట్లాటలో ఇంకో ఆటగాడిని గుద్దినందుకు విల్సన్‌కి లీగ్ వేసిన జరిమానా 5,000 డాలర్లు, ఒక్క మ్యాచ్ నిషేధం కూడా లేదు. ఆ నిర్ణయాన్ని రేంజర్స్ యాజమాన్యం బాహాటంగా తప్పుపట్టింది. అందుకు ఆ జట్టుకు 2,50,000 డాలర్ల జరిమానా పడింది. ఈలోగా అవే రెండు జట్లు మళ్ళీ తలపడ్డాయి. ఆట మొదలైన మొదటి సెకనులోనే మూడు జతలు తొడుగులు పడేసి కలబడ్డాయి. శిక్ష వెయ్యాల్సిన చోట వెయ్యకపోతే ఆ పని మంచు మీదున్న కుర్రాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. వాళ్ళు దాన్ని ముఖాలతో, వేళ్ళతో తీరుస్తారు.

డెరెక్ బూగార్డ్ అలాంటి కుర్రాడే. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో పుట్టాడు, తండ్రి పోలీసు. చిన్నప్పటి నుంచీ తోటి పిల్లల కంటే చాలా పొడుగు. టీనేజీలో ఒక మ్యాచ్‌లో కోపం పట్టలేక అవతలి జట్టు బెంచీ మీదికే వెళ్ళి కొట్లాడాడు. చూడటానికొచ్చిన జూనియర్ జట్టువాళ్ళు అతని పేరు రాసుకున్నది ఆ కొట్లాట చూశాకే. అప్పట్నుంచి అతనికి దారి ఒక్కటే అయింది. ఆరడుగుల ఏడంగుళాల మనిషై 2005లో మినెసోటా తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లోకి వచ్చాడు. మొత్తం 277 మ్యాచ్‌లు ఆడి మూడు గోల్స్ కొట్టాడు. రెండో గోల్‌కీ మూడో గోల్‌కీ మధ్య దాదాపు అయిదేళ్ళు. ఆ మధ్యకాలమంతా అతని చేతులూ తలా పని చేస్తూనే ఉన్నాయి.

2010 డిసెంబర్‌లో ఒటావాలో జరిగిన కొట్లాటే అతని చివరిది. తలకు దెబ్బ తగిలింది, మళ్ళీ మంచు మీదికి రాలేదు. నొప్పి మాత్రలు అప్పటికే వ్యసనమయ్యాయి. 2011 మే 13న మినియాపొలిస్‌లో తన అపార్ట్‌మెంట్‌లో చనిపోయి కనిపించాడు. మద్యం, మాత్రలు కలిసి ప్రాణం తీశాయి. వయసు 28. బోస్టన్ విశ్వవిద్యాలయంలో మెదడును పరీక్షిస్తే సీటీఈ బయటపడింది. తలకు పదే పదే దెబ్బలు తగిలినవాళ్ళలో కనిపించే జబ్బు అది. మనిషి బతికుండగా నిర్ధారించలేరు. అదే ఏడాది ఆగస్టులో రిక్ రైపియన్, వేడ్ బెలాక్ దాదాపు రెండు వారాల తేడాలో పోయారు. వాళ్ళూ కొట్లాటలకు పేరుపడ్డవాళ్ళే.

జట్లు ఎన్‌ఫోర్సర్‌ని వదులుకున్నది జాలి కలిగి అయితే బాగుండేది. అసలు కారణం లెక్కలు. 2004-05 సీజన్ మొత్తం రద్దయ్యాక లీగ్ రెండు మార్పులు తెచ్చింది. జట్టు జీతాలకు ఒక పరిమితి పెట్టింది. పట్టుకుని లాగడం, అడ్డుపడటం లాంటివాటికి శిక్షలు గట్టిగా వెయ్యడం మొదలుపెట్టింది. ఆట వేగం పెరిగింది. మ్యాచ్‌కి అయిదు నిమిషాలు కూడా ఆడలేనివాడికి ఒక సీటు, ఒక జీతం కేటాయించడం భారమైంది. 2008-09లో 700 పైచిలుకు కొట్లాటలు జరిగిన లీగ్‌లో పదేళ్ళు తిరిగేసరికి అవి 200 చిల్లరకు దిగాయి. నిజానికి ఇది ప్లేఆఫ్స్‌లో ముందునుంచే కనిపించే విషయం. కప్ నిర్ణయించే ఆ మ్యాచ్‌లలో కొట్లాటలు బాగా తగ్గిపోతాయి, వస్తాదుని చాలాసార్లు కూర్చోబెట్టేస్తారు. నిజంగా అంత అవసరమైన మనిషైతే అసలైన రోజున ఎవరు కూర్చోబెడతారు?

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పిడికిలి వద్దంటే భుజం కూడా వద్దంటున్నారనుకుంటారు. భుజం కావాలి. ఒంటి బలం లేని జట్టు కప్ గెలవడం చాలా కష్టం. ఎడ్మంటన్ అభిమానిగా చెప్పడానికి నాకు కష్టంగానే ఉన్నా, 2024లోనూ 2025లోనూ ఫ్లోరిడా పాంథర్స్ మా జట్టును ఫైనల్లో ఓడించింది ఆ భుజంతోనే. పక్‌ను మా మూలలోకి కొట్టి దాని వెంట పడతారు. మా డిఫెన్స్ ఆటగాడు గోడవైపు తిరిగి ఆ పక్ అందుకోవాలి. వెనక స్కేట్లు మంచును కోస్తున్న చప్పుడు దగ్గరవుతుంటుంది. మొదటి మ్యాచ్‌లో ఆ గుద్దు తట్టుకుని పక్ సరిగ్గానే అందిస్తాడు. అయిదో మ్యాచ్ వచ్చేసరికి చప్పుడు వినబడగానే అరసెకను ముందే వదిలేస్తాడు. గోల్ అక్కడ పుడుతుంది. 2025 ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడు ఫ్లోరిడా సామ్ బెనెట్. ఎదుటివాళ్ళను గుద్దడంలో పేరున్నవాడు, అందరికంటే ఎక్కువగా 15 గోల్స్ కొట్టినవాడూ అతనే.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో అమెరికా, కెనడా మ్యాచ్ మొదలైన తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు జరిగాయి. ఎన్‌ఫోర్సర్లు మళ్ళీ వచ్చేశారని చాలామంది సంబరపడ్డారు. కొట్లాడిన ఆరుగురి పేర్లూ చూడండి. తకాచుక్ సోదరులు, బెనెట్, హేగెల్, మిల్లర్, పరాయ్‌కో. ఒక్కడు కూడా కొట్లాట కోసం పెట్టుకున్న మనిషి కాదు. అందరూ ఆడగలిగినవాళ్ళే. అయినా వాళ్ళ తలలూ అందరి తలల్లాంటివే. క్యూబెక్ జూనియర్ లీగ్ 2023-24 నుంచి కొట్లాడినవాళ్ళను మ్యాచ్ నుంచే బయటికి పంపేస్తోంది. పెద్ద లీగ్ కూడా అలా చేసే రోజు రావాలని నేను కోరుకుంటున్నాను.

ఎందుకు కోరుకుంటున్నానో చెప్పాలంటే మా పక్క ఫ్లాట్ వాళ్ళబ్బాయి గురించి చెప్పాలి. వాళ్ళది నెల్లూరు. అబ్బాయి మాత్రం ఎడ్మంటన్‌లోనే పుట్టాడు, అయిదో ఏట స్కేట్లు కట్టాడు. పధ్నాలుగో ఏడు వచ్చేసరికి క్లాసులో అందరికంటే తలెత్తు పొడుగు. కెనడాలో 11, 12 ఏళ్ళ పిల్లల ఆటలో శరీరంతో గుద్దడాన్ని 2013లోనే తీసేశారు. పదమూడేళ్ళు వచ్చాక అది మొదలవుతుంది. ఆ సీజన్లో ఒక సాయంత్రం వాళ్ళమ్మ మా తలుపు తట్టింది.

"అన్నయ్యా, కోచ్ వీడితో, గోల్స్ సంగతి వాళ్ళు చూసుకుంటారు, నువ్వు వాళ్ళను చూసుకో అన్నాడట. చూసుకోవడం అంటే ఏమిటన్నయ్యా?"

మంచిమాటే అనుకుని వచ్చింది ఆవిడ. నాకు పెనాల్టీ బాక్స్‌లో వేళ్ళు ముడిచి తెరుస్తున్న కుర్రాడు కళ్ళముందుకొచ్చాడు. కూర్చోమని, ఇప్పుడు మీకు చెప్పినదంతా ఆవిడకు చెప్పాను. బూగార్డ్ సంగతి చెబుతుండగా ఆవిడ మధ్యలోనే లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి వారం అబ్బాయి జట్టు మారాడు. మైనస్ ఇరవై చలిలో, వీధి చివర బయట రింక్‌లో, వాళ్ళ నాన్న ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉండగా వెనక్కి స్కేట్ చెయ్యడం నేర్చుకుంటున్నాడు. డిఫెన్స్ ఆడాలంటే అది రావాలి. అంత పొడుగు మనిషికి ఒడుపు దొరకడం కష్టం. పడుతున్నాడు, లేస్తున్నాడు. మా కిటికీలోంచి రాత్రి తొమ్మిదింటి దాకా కనిపించేవాడు.

సెలవు. నమస్కారం.