రోగి ఇంట్లో వార్తలకు ఒక వేళ

శ్రోతలకు నమస్కారం.

మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, గుండెజబ్బు, కిడ్నీజబ్బు, కీళ్లవాతం వంటివి ఒకసారి వచ్చాయంటే ఏళ్ల తరబడి మనిషిని విడిచిపెట్టవు. వీటితో బతుకుతున్నవారికి మందుల వేళల గురించి, తిండి గురించి, నడక గురించి వైద్యులు చెబుతూనే ఉంటారు. రాజకీయ వార్తలు ఎంతసేపు చూడాలి, వాటి మీద జరిగే వాదనల్లో ఎంతవరకు దిగాలి అన్నది మాత్రం మందుల చీటీలో ఎవరూ రాయరు. ఈ పూట ఆ విషయమే మాట్లాడతాను. నేను వైద్యుణ్ణి కాను. కీళ్లవాతంతో చాలా ఏళ్లుగా కాలం వెళ్లదీస్తున్నవాణ్ణి, ఓపీ వరుసల్లో నాలాంటివారి పక్కన కూర్చుని వారి కష్టసుఖాలు విన్నవాణ్ణి. రాజకీయ వాదనల నుంచి తప్పుకోవడం దీర్ఘరోగి హక్కు అని, అందుకు ఆ మనిషి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదని నా గట్టి నమ్మకం.

విశాఖపట్నంలో ఉండి ఈ మాట అనడం తేలిక కాదని నాకు తెలుసు. ఉక్కు కర్మాగారం కోసం 1966లో మనుషులు ప్రాణాలిచ్చిన ఊరు ఇది. ఆ కర్మాగారంలో తన వాటా మొత్తాన్ని అమ్మివేయాలని కేంద్రం 2021 జనవరిలో సూత్రప్రాయంగా నిర్ణయించినప్పటి నుంచి గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఏ ఇంట్లో నలుగురు చేరినా మాట అక్కడికే వెళ్తుంది. 2019 చివర్లో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చాక రాజధాని మాట, అదే ఏడాది ప్రకటించిన రైల్వే జోన్ మాట కూడా దీనికి తోడయ్యాయి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడిచే బృందాలు, రైతుబజారులో కూరగాయల సంచులు పట్టుకుని నిలబడ్డవారు, టీ కొట్టు దగ్గర చేరినవారు అందరూ వీటి గురించే మాట్లాడుకుంటారు. మాట్లాడుకోవడంలో తప్పేమీ లేదు. ఊరి బాగు కోరేవారు మాట్లాడుకోకుండా ఎలా ఉంటారు? అందుకే రోగితో "నీకెందుకయ్యా రాజకీయాలు" అనే చులకన మాట నాకు నచ్చదు. ఆ మనిషికి ఊరి మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమ ఆయన శరీరాన్ని కుంగదీయకుండా చూడడం ఎలా అన్నదే మనం ఆలోచించుకోవలసింది.

కోపం వచ్చినప్పుడు శరీరంలో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా తెలుసుకోవాలి. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ముందు అడ్రినలిన్‌ను, ఆ వెనుక కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పుంజుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, కాలేయం తాను నిల్వ చేసుకున్న చక్కెరను రక్తంలోకి విడుదల చేస్తుంది. ఎదురుతిరిగి పోరాడడానికో, ప్రాణం దక్కించుకుని పారిపోవడానికో శరీరం చేసుకునే సన్నాహం ఇదని, వాల్టర్ కానన్ అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త 20వ శతాబ్దపు తొలి దశకాల్లోనే వివరించాడు. తోవలో పాము కనిపించినప్పుడు ఈ సన్నాహం మనల్ని కాపాడుతుంది. కానీ టీవీ చర్చలో ఎవరో ఎవరినో దూషిస్తుంటే కుర్చీలో కూర్చుని ఉడికిపోయే మనిషికి పోరాడే పనీ ఉండదు, పరుగెత్తే పనీ ఉండదు. రక్తంలోకి వచ్చిన చక్కెర ఖర్చు కాదు. ఆరోగ్యవంతుడిలోనైతే ఇన్సులిన్ ఆ చక్కెరను త్వరలోనే సర్దేస్తుంది. షుగర్ ఉన్నవారిలో ఆ సర్దుబాటు జరగవలసినట్టు జరగదు. రక్తపోటు ఉన్నవారికి అప్పటికే భారంగా ఉన్న రక్తనాళాల మీద మరికొంత భారం పడుతుంది. ఉబ్బసం ఉన్నవారిలో ఉద్వేగం ఒక్కటే ఆయాసం రేపడానికి చాలు.

హార్వర్డ్‌కు చెందిన మిటిల్‌మన్, ఆయన సహచరులు గుండెపోటుతో ఆసుపత్రుల్లో చేరిన 1,623 మందిని విచారించి 1995లో ఒక అధ్యయనం ప్రచురించారు. తీవ్రమైన కోపం వచ్చిన తరువాతి 2 గంటల్లో గుండెపోటు వచ్చే ప్రమాదం మిగిలిన వేళల కంటే సుమారు 2.3 రెట్లు ఉందని అందులో తేలింది. దీన్ని విని ఎవరూ బెదిరిపోవద్దు. ఒక్కసారి కోప్పడినంత మాత్రాన గుండెపోటు వచ్చే అవకాశం నిజానికి చాలా తక్కువ. గుండె ఇప్పటికే బలహీనపడిన మనిషి ప్రతి సాయంత్రం అదే కోపంలోకి దిగుతుంటే మాత్రం లెక్క మారుతుంది. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలినప్పుడు పరిశోధకులు గమనించిన సంగతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తరువాతి వారంలో రోజుకు 6 గంటలు, అంతకు మించి ఆ వార్తలకు అతుక్కుపోయినవారిలో కనిపించిన తీవ్ర ఒత్తిడి లక్షణాలు, పేలుళ్ల చోట స్వయంగా ఉన్నవారిలో కంటే ఎక్కువగా ఉన్నాయి. చూసిన దృశ్యాన్నే మళ్లీ మళ్లీ చూడడం మనిషిని అంతగా నలిపేస్తుంది.

అయితే రోగులకు రాజకీయాలతో పని లేదనడం నిజం కాదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి మన రాష్ట్రంలో ఎందరో పేదరోగుల వైద్యం ప్రభుత్వ నిర్ణయాల మీదే ఆధారపడి ఉంది. డయాలసిస్ రోగులకు వచ్చే నెలవారీ పింఛను ప్రభుత్వం ఇచ్చేదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి కిడ్నీజబ్బుతో మన విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు వచ్చేవారి బాధ ఆ ప్రాంతపు మంచినీళ్ల గురించి, ఆసుపత్రుల గురించి తీసుకున్న నిర్ణయాలతో ముడిపడి ఉంది. పథకం పేరు మారిందా, కార్డు మార్చుకోవాలా, ఏ ఆసుపత్రి జాబితాలో ఉంది అన్నవి రోగికి తెలియవలసిన వార్తలే. తుపాను వార్త కూడా అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని తాకిన రోజును చూసినవారెవరూ తుపాను హెచ్చరిక వినవద్దని అనరు. ఇన్సులిన్‌ను చల్లగా దాచుకోవలసినవారు, ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడినవారు కరెంటు పోకముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఇలాంటి అవసరమైన వార్త చాలా చిన్నది, కొన్ని నిమిషాల్లో పూర్తయ్యేది. దాని చుట్టూ గంటల తరబడి సాగేది జగడం. రోగి దూరంగా ఉండవలసింది ఆ జగడానికే. రోజుకు ఒక పత్రిక, లేదా ఒక రేడియో వార్తా ప్రసారం చాలునని నా అభిప్రాయం. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి రేడియోను మెచ్చుకోవడం లేదు. వార్తలు చదవడం అయిపోగానే ఆ ప్రసారం ముగుస్తుంది, ఆ ముగింపే రోగికి మేలు చేస్తుంది. నిద్ర లేచిన మొదటి గంటలో, పడుకునే ముందు గంటలో వార్తలు పెట్టుకోకుండా ఉంటే మంచిది. రాత్రి విన్న వాదన చర్చ ముగియగానే మనసులో ముగియదు. "ఆ మాటకు నేను ఇలా అని ఉండవలసింది" అనుకుంటూ పక్క మీద దొర్లుతాం. నిద్ర చెడితే మర్నాటి రక్తపోటూ, చక్కెరా రెండూ చెడతాయి.

మనుషులతో వ్యవహారం ఇంతకంటే కష్టం. గాజువాకలో మా దూరపు బంధువు ఒకాయన ఉన్నారు. ఉక్కు కర్మాగారంలోనే పని చేసి రిటైరయ్యారు, ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తారు. కర్మాగారం సంగతి ఆయనకు వార్త కాదు, జీవితం. దాన్ని వదిలేయమని ఇంట్లో ఎవరూ ఆయనతో అనలేదు. ఆ ఒక్క విషయం మాత్రం తాను పట్టించుకుంటానని, తక్కినవేవీ తనకు వద్దని ఆయనే నిర్ణయించుకున్నారు. వారం పొడుగునా వచ్చిన వార్తలను కొడుకు కత్తిరించి ఉంచుతాడు, ఆదివారం ఉదయం ఇద్దరూ కూర్చుని చదువుకుంటారు, సంతకం చేయవలసిన వినతిపత్రం ఉంటే చేస్తారు. మధ్యలో చుట్టాలెవరైనా ఆ మాట ఎత్తితే కోడలు గుమ్మం దగ్గరే చెబుతుంది: "మావయ్యగారికి ఈవేళ డయాలసిస్ అయిందండీ, నీరసంగా ఉన్నారు. ఆ సంగతులు ఆదివారం మాట్లాడుకుందురుగాని, ముందు కాఫీ తీసుకోండి." ఈ ఏర్పాటులో నాకు నచ్చింది ఏమిటంటే, అడ్డుచెప్పే భారం రోగి మీద పడలేదు. ఒంట్లో బాగులేని పెద్దమనిషి స్వయంగా "నేను వాదించలేను" అనవలసి వస్తే అది ఆయనకు ఓటమిలా అనిపిస్తుంది. ఇంట్లోవారు ముందే అందుకుంటే ఆయన గౌరవం అలాగే ఉంటుంది.

కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు ఈ మాట ప్రత్యేకంగా వినాలని కోరుతున్నాను. తండ్రి ఒక పార్టీ, కొడుకు మరో పార్టీ అయిన ఇళ్లు మన ఊళ్లో ఎన్నో ఉన్నాయి. భోజనాల దగ్గర నాన్నను రెచ్చగొట్టి, ఆయన ముఖం ఎర్రబడితే నవ్వుకునే అలవాటు కొన్ని ఇళ్లలో సరదాగా చెలామణి అవుతోంది. ఆయనకు గుండెజబ్బు ఉన్నప్పుడు అది సరదా కాదు, దయచేసి మానండి. బంధువుల వాట్సాప్ గ్రూపు నుంచి బయటికి వస్తే ఎవరైనా నొచ్చుకుంటారని భయముంటే దాన్ని శాశ్వతంగా మ్యూట్ చేసుకునే వీలు ఆ ఫోనులోనే ఉంది. చేయడం తెలియకపోతే ఇంట్లో పిల్లలు చేసిపెట్టాలి. డయాలసిస్ గదిలో టీవీలో అరుపులు సాగుతుంటే, 4 గంటలు కదలలేక పడుకున్న రోగికి లేచి వెళ్లిపోయే అవకాశం లేదు. చానల్ మార్చమని, లేదా శబ్దం తగ్గించమని టెక్నీషియన్‌ను అడగడానికి మొహమాటపడవద్దు.

వాదన మానడమంటే మనుషులను మానడం కాదు. ఒంటరితనం దీర్ఘరోగికి మరో జబ్బు. బీచ్ రోడ్డులో ఒక బృందం ఎప్పుడూ తగాదాలోనే ఉంటే మరో బృందంతో నడవండి. నడక మాత్రం మానకండి.

రాజకీయ వార్తలు మీ ఒంటి మీద ఎంత పనిచేస్తున్నాయో తెలుసుకోవాలంటే, ఇంట్లో బీపీ యంత్రం ఉన్నవారు ఒక వారం ప్రయత్నించవచ్చు. చర్చా కార్యక్రమానికి ముందు ఒకసారి, అయిన వెంటనే ఒకసారి కొలిచి పుస్తకంలో రాసుకోండి. ముందు కొలిచేటప్పుడు 5 నిమిషాలు ఊరికే కూర్చోండి, కాళ్లు నేలకు ఆనించండి. రెండుసార్లూ కొలుస్తున్నంతసేపు మాట్లాడకండి. మాట్లాడితే అంకె పెరిగి కనిపిస్తుంది. మర్నాడు అదే వేళకు పాటలు వినో, మనవలతో గడిపో మళ్లీ కొలవండి. ఆ అంకెలను చూసి మీ అంతట మీరు మందు పెంచడం, తగ్గించడం చేయవద్దు. ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు ఆ పుస్తకాన్ని వైద్యుడికి చూపించండి.

చివరగా ఓటు గురించి ఒక మాట. వాదనల నుంచి తప్పుకున్న రోగి ఓటును వదులుకోనక్కరలేదు. 2024 ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవారికి ఇంటి నుంచే ఓటు వేసే అవకాశాన్ని ఎన్నికల సంఘం కల్పించింది. అందుకు 12డి ఫారం ముందుగా నింపి ఇవ్వాలి. మీ ఇంట్లో అర్హత ఉన్నవారుంటే, ఎన్నికల ప్రకటన వచ్చిన రోజునే బూత్ స్థాయి అధికారిని ఆ ఫారం గురించి అడగండి.

నమస్కారం.