క్రైస్తవ పురుషుడు ఎలా ఉండాలి? ఆ కొలత పెట్టింది ఎవరు?

[స్క్రీన్ మీద: 1 కొరింథీయులు 16:13]

"పౌరుషముగలవారై యుండుడి, బలవంతులై యుండుడి." పురుషుల కూడికల పోస్టర్ల మీద ఈ వాక్యం మీరు చూసే ఉంటారు. పక్కనే ఒక సింహం బొమ్మ, లేదంటే కత్తి పట్టుకున్న యోధుడు. పోస్టర్ చూడటానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు ఒక్క వచనం కిందికి దిగండి.

[స్క్రీన్ మీద: 16:14]

"మీరు చేయు కార్యములన్నియు ప్రేమతో చేయుడి." ఈ వచనం పోస్టర్ ఎక్కడం మాత్రం నేనింతవరకు చూడలేదు. ఇంకో సంగతి. అపొస్తలుడైన పౌలు ఈ పత్రిక, అంటే ఈ ఉత్తరం, రాసింది మగవాళ్ళ గుంపుకి కాదు, కొరింథు సంఘమంతటికీ. ఆ సంఘంలో గొడవలు జరుగుతున్నాయని ఆయనకు కబురు చెప్పింది కూడా క్లోయె అనే స్త్రీ ఇంటివాళ్ళు. అంటే, ధైర్యంగా నిలబడమన్న ఆ మాట వింటున్నవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు. దాన్ని మగవాళ్ళ నినాదంగా చేసుకున్నది తర్వాతి కాలంవాళ్ళు.

ఎందుకలా జరిగింది? దీనికి కొంచెం చరిత్ర కావాలి.

[పాత లండన్ వీధులు, ఫ్యాక్టరీ పొగగొట్టాల చిత్రాలు]

19వ శతాబ్దపు ఇంగ్లండ్. ఊళ్ళు వదిలి నగరాలకు వచ్చిన కుర్రాళ్ళు దుకాణాల్లో, ఆఫీసుల్లో పొద్దస్తమానం పనిచేస్తున్నారు. 1844లో లండన్‌లో బట్టల వ్యాపారంలో పనిచేసే 22 ఏళ్ళ జార్జ్ విలియమ్స్, ఇలాంటి కుర్రాళ్ళ కోసం కొందరు మిత్రులతో కలిసి వై.ఎం.సి.ఎ., అంటే క్రైస్తవ యువకుల సంఘం, మొదలుపెట్టాడు. మొదట్లో అక్కడ జరిగింది ప్రార్థన, బైబిల్ పఠనం, అంతే. జిమ్‌లు, ఆటలు తర్వాత వచ్చాయి.

ఈలోపు ఇంకో భయం మొదలైంది. భక్తి మనిషిని మెత్తబరుస్తుందేమో, చర్చి ఆడవాళ్ళ వ్యవహారం అయిపోతుందేమో అని. 1857లో చార్లెస్ కింగ్స్‌లీ అనే ఇంగ్లీషు పాస్టరు, రచయిత రాసిన నవల మీద వచ్చిన ఒక సమీక్షలో "మస్క్యులర్ క్రిస్టియానిటీ" అనే మాట కనిపించింది. కండల క్రైస్తవం అనుకోండి. సగం వెటకారంగా అన్న మాటే, కానీ అతుక్కుపోయింది. శరీరం దేవుడిచ్చింది, ఆటలాడాలి, కష్టానికి ఓర్చుకోవాలి, బలహీనుడి పక్షాన నిలబడాలి అన్నది దాని సారాంశం. ఇందులో తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. బాస్కెట్‌బాల్ కూడా ఈ ధోరణి నుంచే పుట్టింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో ఆ ఆట కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేదాంతం చదువుకున్నవాడు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ కాలపు సమాజం మెచ్చుకునే మగవాడు ఎలా ఉంటాడో, మంచి క్రైస్తవుడు కూడా అచ్చం అలాగే ఉండాలన్న లెక్క స్థిరపడిపోయింది. గట్టి గొంతు, గట్టి ఒళ్ళు, కళ్ళలో నీళ్ళు రాకూడదు. 1911, 1912 సంవత్సరాల్లో అమెరికాలో మగవాళ్ళను చర్చికి రప్పించడానికి పెద్ద ఉద్యమమే నడిపారు. 1990లో బిల్ మెక్‌కార్ట్‌నీ అనే అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ ప్రామిస్ కీపర్స్ అనే క్రైస్తవ పురుషుల సంస్థ స్థాపించాడు. 1997 అక్టోబరులో వాళ్ళ పిలుపు మీద వాషింగ్టన్‌లో లక్షలాది మగవాళ్ళు చేరారు. అక్కడ మగవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు కూడా, అది మంచిదే. ఇంటి పెత్తనం మళ్ళీ మగవాడి చేతికి ఇవ్వడమే వీళ్ళ ఉద్దేశమని స్త్రీల సంఘాలు విమర్శించాయి. ఆ విమర్శనూ కొట్టిపారేయలేం.

మగవాళ్ళు చర్చికి దూరంగా ఉంటున్నారన్న భయం ఉత్తదేం కాదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2016లో అనేక దేశాల వివరాలతో ఇచ్చిన నివేదికలోనూ, క్రైస్తవుల్లో స్త్రీలే ఎక్కువ భక్తి చూపిస్తున్నారని తేలింది. అయితే మందు సరిగా పడిందా అన్నదే నా ప్రశ్న.

[స్క్రీన్ మీద: మత్తయి 3:17]

ఇక అసలు విషయానికి వద్దాం. యేసు యొర్దానులో బాప్తిస్మం తీసుకుని నీళ్ళలోంచి పైకి వచ్చాడు. ఆకాశం నుంచి స్వరం వినిపించింది: ఈయన నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేను ఆనందిస్తున్నాను. మత్తయి సువార్తలో అప్పటికి యేసు ఒక్క అద్భుతమూ చేయలేదు. ఒక్క ప్రసంగమూ చేయలేదు. ఒక్క శిష్యుణ్ణీ పిలవలేదు. చేతికి రిజల్ట్ రాకముందే తండ్రి మెప్పు వచ్చేసింది.

వెంటనే అరణ్యం. శోధకుడు, అంటే సాతాను, వచ్చి అన్న మొదటి మాట ఏమిటి? నువ్వు దేవుని కుమారుడివైతే ఈ రాళ్ళను రొట్టెలు చెయ్యి. ఆకలి గురించిన శోధనే అది, కాదనను. కానీ "అయితే" దగ్గర ఆగండి. నువ్వెవరో రుజువు చేసుకో అంటున్నాడు. మగవాడు చిన్నప్పటి నుంచి వినేది ఇదే కదా. మగాడివైతే ఏడవకు. మగాడివైతే తిరిగి కొట్టు. మగాడివైతే సంపాదించి చూపించు. సంఘంలో దీనికి భక్తి రంగు పూస్తారు: నిజమైన దైవజనుడివైతే ఇల్లు నీ అదుపులో ఉండాలి అంటారు. యేసు రాళ్ళను రొట్టెలు చేయలేదు.

ఆ మాట అక్కడితో ఆగలేదు. సిలువ దగ్గర దారిన పోయేవాళ్ళు మళ్ళీ అదే అన్నారు: నువ్వు దేవుని కుమారుడివైతే సిలువ మీద నుంచి దిగు. ఆయన దిగలేదు.

[పాలటైన్ గోడ గీత బొమ్మ, దగ్గరగా]

ఇది రోమా ప్రపంచానికి ఎంత వింతగా కనిపించిందో ఈ గోడ చెబుతుంది. రోమ్ నగరంలోని పాలటైన్ కొండ మీద 19వ శతాబ్దపు తవ్వకాల్లో బయటపడింది. సుమారు 200వ సంవత్సరం నాటిదని అంచనా. సిలువ మీద ఒక మనిషి, తల మాత్రం గాడిదది. పక్కన ఒక యువకుడు చెయ్యి ఎత్తి నిలబడ్డాడు. కింద గ్రీకులో వంకర అక్షరాలు: అలెక్సమెనోస్ తన దేవుణ్ణి ఆరాధిస్తున్నాడు. తోటివాణ్ణి ఎగతాళి చేస్తూ ఎవడో గీకిన గీత అది. ఎదుటివాణ్ణి లొంగదీసుకోవడమే మగతనం అనుకునే ఆ సమాజంలో, బట్టలూడదీసి మేకులు కొట్టించుకున్నవాణ్ణి దేవుడంటే నవ్వురాక ఏం చేస్తుంది? అలెక్సమెనోస్ ఎవరో, తర్వాత ఏమయ్యాడో మనకు అనవసరం. ఆ నవ్వు భరించి అతను ఆరాధన మానలేదనే అనుకోవాలనిపిస్తుంది నాకు.

[స్క్రీన్ మీద: ఎఫెసీయులు 5:21-25]

మరి "భర్త భార్యకు శిరస్సు" అన్న మాట సంగతి? అడుగుతారని తెలుసు. దీని మీద సంఘాల్లో ఏకాభిప్రాయం లేదు, ఒక వీడియోలో తేలేదీ కాదు. కానీ రెండు విషయాలు చెబుతాను. ఆ భాగానికి ముందు వచనం 21, ఒకరికొకరు లోబడి ఉండమంటుంది. తర్వాత భర్తలకు ఇచ్చిన ఆజ్ఞ ఏలమని కాదు, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని. ఇంటి పెద్దకు పిల్లల ప్రాణాల మీద కూడా చట్టం అధికారమిచ్చిన రోమా లోకంలో రాసిన మాటలివి. భార్య మీద చెయ్యి చేసుకుని ఈ అధ్యాయం చూపించేవాడు ఈ అధ్యాయం చదవలేదని అర్థం.

పెళ్ళికాని వాళ్ళ గురించి ఒక్క మాట. "క్రైస్తవ పురుషుడు" అనగానే భర్త, తండ్రి అని మాత్రమే బోధిస్తే, యేసూ పౌలూ ఇద్దరూ ఆ బోధలో పట్టరు. అదే పౌలు థెస్సలొనీకయులకు రాస్తూ తనను పాలిచ్చే తల్లితో పోల్చుకున్నాడు, నాలుగు వచనాల తర్వాత తండ్రితోనూ పోల్చుకున్నాడు. ఆయనకేం మొహమాటం లేదు.

[స్క్రీన్ మీద: 1 రాజులు 19]

చివరగా ఏలీయా ప్రవక్త. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత తరఫున నిలబడ్డ 450 మంది ప్రవక్తలను ఒంటరిగా ఎదిరించినవాడు. పోస్టర్ మీద సింహం పక్కన సరిగ్గా సరిపోయే మనిషి. ఆ గెలుపు తర్వాత యెజెబెలు రాణి ఒక్క బెదిరింపు పంపితే ప్రాణభయంతో పారిపోయాడు. దారిలో తోడున్న దాసుణ్ణి కూడా వదిలేసి, అరణ్యంలో ఒక చెట్టు కింద కూర్చుని, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. కారణం కూడా చెప్పాడు: నా పితరులకంటే నేనేం ఎక్కువవాణ్ణి కాదు. చావాలనిపించిన క్షణంలో కూడా పోల్చుకోవడం మానలేదు!

దేవుడు ఏం చేశాడో వరసగా చూడండి. తిట్టలేదు. మగాడిలా నిలబడు అనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారీ లేపి తినమన్నాడు. ఎందుకంటే ప్రయాణం నీ శక్తికి మించింది అని ఒప్పుకున్నాడు. మాటలు, పని, అవన్నీ హోరేబు కొండ దగ్గర, తర్వాత. ఆ పనిలో కూడా ఎలీషా అనే శిష్యుణ్ణి తోడిచ్చాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనాల్లో ఆత్మహత్యలు మగవాళ్ళలో లక్షకు 12.6, ఆడవాళ్ళలో 5.4. రెట్టింపు కంటే ఎక్కువ. కారణాలు చాలా ఉంటాయి. అందులో బాధ బయటికి చెప్పుకోకపోవడం ఒకటి. "విశ్వాసం ఉంటే డిప్రెషన్ ఏంటి బ్రదర్" అన్న మాట ఆ నోటిని ఇంకా గట్టిగా మూసేస్తుంది. పురుషుల కూడిక నడిపే పాస్టర్లకు నా మనవి: వచ్చేసారి ఏలీయా మీద బోధిస్తే కర్మెలు దగ్గర ఆపేయకండి, 19వ అధ్యాయం కూడా చదివించండి. చదివాక ప్రసంగం పొడిగించకుండా, ఇద్దరిద్దరుగా కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక గంట వదిలేయండి.

ఇది చూస్తున్న మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే, ప్రార్థన మానక్కర్లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడక్కర్లేదు. ఒంటరిగా మాత్రం ఉండకండి. మీరు నమ్మే ఒక మనిషికి ఇవాళే ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.