మన్నాకు పురుగు ఎందుకు పట్టింది? చింతకూ ముందుచూపుకూ మధ్య గీత

[దృశ్యం: చీకటి గది. ఫోన్ వెలుగులో ఒక చెయ్యి. క్యాలిక్యులేటర్‌లో అవే అంకెలు మళ్లీ మళ్లీ.]

జీతం ఇంత. అద్దె ఇంత, అప్పు వాయిదా ఇంత, పిల్లల ఫీజు ఇంత. నాలుగోసారి కూడినా మొత్తం మారదు. అయినా వేలు ఆగదు. మొదటిసారి చేసిన కూడిక లెక్క. నాలుగోసారి చేసింది భయం. కొండమీది ప్రసంగంలో యేసు "చింతింపకుడి" అన్నది ఆ నాలుగోసారి గురించే.

మత్తయి 6వ అధ్యాయం 25 నుంచి 34 వచనాల మధ్య, గ్రీకులో "మెరిమ్నావో" అనే క్రియ 6 సార్లు వస్తుంది. చింతించడం, మనసు పెట్టి పట్టించుకోవడం అని దాని అర్థం. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి పంపిన పత్రికలో (ఫిలిప్పీయులకు 4:6) దేనిగురించీ చింతపడవద్దని రాసినప్పుడు వాడింది ఈ మాటే. అదే పత్రిక 2:20లో, తన తోటి సేవకుడు తిమోతి మీ క్షేమం కోసం నిజంగా తపిస్తాడని మెచ్చుకున్నప్పుడూ ఇదే మాట! కాబట్టి పట్టించుకునే మనసు ఉండటం తప్పేమీ కాదు. తిమోతిలో ఆ తపన ఎదుటి మనిషి దగ్గరికి వెళ్లింది, అక్కడ దానికి పని దొరికింది. మన తపన రేపటి దగ్గరికి వెళ్తుంది. రేపట్లో ఈ రాత్రి చెయ్యగలిగిన పని ఏదీ ఉండదు. అందుకే వెనక్కి తిరిగి మనల్నే తింటుంది.

[దృశ్యం: తెల్లవారుజాము. ఎడారి నేల మీద నూగుమంచులా పరుచుకున్న తెల్లటి పలుకులు. ఒక గిన్నె, ఏరుతున్న వేళ్లు.]

ఈ తేడాను నిర్గమకాండము 16వ అధ్యాయం కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. మన్నా అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన ఆహారం. అది కొత్తిమీర గింజలా ఉండేది, తెల్లగా, తేనె కలిపిన అప్పం రుచితో. మనిషికి ఒక ఓమెరు, అంటే సుమారు 2 లీటర్ల కొలత. ఎండ ఎక్కితే కరిగిపోయేది, కాబట్టి పొద్దున్నే లేచి ఏరుకోవాలి. దేవుడు పోషిస్తాడు కదా అని పడుకున్నవాడి గిన్నెలో ఏమీ ఉండదు. నమ్మకం పేరుతో పని మానేయడానికి వాక్యంలో చోటు లేదు. పని చెయ్యనివాడు తినకూడదన్న 2 థెస్సలొనీకయులకు 3:10 చదివితే ఇక సందేహమే ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. కొందరు మర్నాటికి దాచుకున్నారు. అది పురుగు పట్టి కంపు కొట్టింది. కానీ ఆరో రోజు మనిషికి 2 ఓమెర్లు ఏరి, విశ్రాంతి దినం కోసం దాచుకున్నది మాత్రం చెడిపోలేదు (24వ వచనం చూడండి). అదే మన్నా. దాచడమూ ఒకటే, రాత్రీ ఒక రాత్రే. మొదటిది "దేవుడు రేపు ఇస్తాడో ఇవ్వడో" అని దాచింది. రెండోది ఆయన చెప్పాడని దాచింది.

పొదుపు పాపమా అని అడిగేవాళ్లకు మా జవాబు ఇక్కడే ఉంది. కాదు. కరువు వస్తుందని ముందే తెలిసి, యోసేపు ఐగుప్తులో 7 సమృద్ధి సంవత్సరాల్లో పంటలో అయిదో వంతు దాయించాడు, దానివల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. లూకా 12లో యేసు చెప్పిన కథలోని ధనవంతుడూ దాచాలనుకున్నాడు, కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టాలనుకున్నాడు. ఆ లెక్కలో ఎవరికోసం, ఎంతవరకు అన్న మాటే లేదు. గ్రీకులో అతని మాటల్లో "నా" అన్నది 4 సార్లు వినిపిస్తుంది: నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణం. నాలుగోది అతనిది కాదని, ఈ రాత్రే నీ ప్రాణం పోతుందని దేవుడు అన్నప్పుడు తెలిసింది.

[దృశ్యం: బల్ల మీద తెల్ల కాగితం, పెన్ను. కాగితం మీద మూడు నిలువు వరసలు.]

సరే, ఆ రాత్రి కూడిక ఆగాలంటే ఏం చెయ్యాలి? ఫోన్ పక్కన పెట్టి కాగితం తీయండి. మొదటి వరసలో మిమ్మల్ని తినేస్తున్న ఖర్చులు ఒక్కొక్కటిగా, మొత్తం ఎంత, గడువు ఎప్పుడు అనేవి కూడా రాయండి. "డబ్బు ఇబ్బంది" అని రాస్తే ప్రయోజనం లేదు. పేరు లేని భయమే పెద్దగా కనిపిస్తుంది. రెండో వరసలో ఒక్కోదానికి ఎదురుగా, 24 గంటల్లో మీరు చెయ్యగలిగిన ఒక్క పని రాయండి: అప్పిచ్చినవాళ్లకు ఫోన్ చేసి గడువు అడగడం, ఒక ఖర్చు ఆపడం, భార్యకో భర్తకో నిజం చెప్పడం. ఈ చివరిదే చాలామంది దాటేస్తారు. దాచిన అప్పు ప్రార్థనను కూడా మూగబోయేలా చేస్తుంది.

రెండో వరస ఖాళీగా మిగిలినవి ఉంటాయి. ఇవాళ మీ చేతిలో లేనివి అవే. వాటిని ఫిలిప్పీ 4:6 చెప్పినట్టు, కృతజ్ఞతతో కలిపి, పేరు పెట్టి అడగండి. ముందు అందినవాటిలో ఒకటి చెప్పి, తర్వాత అడగండి. ఆ క్రమమే ముఖ్యం: ఇచ్చినవాడి ముఖం గుర్తొచ్చాక అడిగే తీరే మారుతుంది.

మూడో వరస ఖాళీగా ఉంచండి.

పొదుపు చేస్తుంటే దానికీ ఒక గీత గీయండి: దేనికి, ఎంత, ఎప్పటికి. ఆ మొత్తం చేరాక కూడా భయం తగ్గకపోతే, లోటు డబ్బులో లేదని తెలుసుకోవాలి. కానుక సంగతి 1 కొరింథీయులకు 16:2లో ఉంది: వారం మొదటి రోజున, రాబడిని బట్టి, ముందే తీసి పక్కన పెట్టాలి. నెలాఖరున మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు. ఇక పదింతలు తిరిగి వస్తుందని ఇచ్చేది కానుక కాదు, పందెం. అది తిరిగి రాకపోతే దేవుని మీదే అనుమానం పుడుతుంది. ఎందరి విశ్వాసమో ఇక్కడే విరిగింది.

[దృశ్యం: ఒకే రొట్టెను పంచుకుంటున్న చేతులు.]

ఒక మాట సంఘాలకు. మత్తయి 6లోని "మీరు" బహువచనం. ప్రభువు ప్రార్థనలోనూ "మా అనుదినాహారము" అని ఉంది. ఆకలితో ఉన్న సహోదరుడికి "నమ్ము, చింతించకు" అని చెప్పి పంపేస్తే, యాకోబు 2:16 మందలించేది మనల్నే. ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి తక్కువ కాలేదు అన్న మన్నా వచనాన్ని పౌలు 2 కొరింథీయులకు 8:15లో ఎత్తి చూపింది కూడా అందుకే, యెరూషలేము పేదల కోసం చందా అడుగుతూ. ఒక ఇంటి రేపటి భయానికి దేవుడు ఇచ్చే జవాబు చాలాసార్లు పక్కింటి మిగులులోనే ఉంటుంది.

జార్జ్ ముల్లర్ అనే క్రైస్తవ సేవకుడు 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథ గృహం తెరిచి, అవసరాల కోసం మనుషులను అడగకుండా దేవుణ్నే అడిగాడు. అదే మనిషి వచ్చిన కానుకలకు పద్దు రాసి, నివేదికలు అచ్చు వేయించాడు.

[దృశ్యం: అదే కాగితం. మూడో వరస మీదికి కెమెరా వస్తుంది.]

మూడో వరస అందుకే. ఒక్కో అవసరం తీరినప్పుడు తేదీ వేయండి, ఎవరి ద్వారా, ఎంత వచ్చిందో రాయండి. అడిగినట్టు కాక వేరేలా తీరితే అదీ రాయండి. ఇంకా తీరనిది ఖాళీగానే ఉంచండి, దానికి అబద్ధపు సాక్ష్యం అక్కర్లేదు. మళ్లీ నిద్ర పట్టని రాత్రి వస్తే, ఫోన్ కంటే ముందు ఈ కాగితం తీయండి.