ఫ్యూజ్ ఉన్నా కారు ఎందుకు కాలుతుంది? సెల్లార్‌లోనే వైరింగ్ చెక్ చేసుకోండి

అందరికీ నమస్కారం. ఇవాళ కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్నాం. ఇది పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఓనరు గారు సరేనన్నారు కాబట్టి నంబర్ ప్లేటు కప్పేసి బోనెట్ ఎత్తాం. తమ్ముడూ, లైటు ఇటు పట్టు. ఆ, బ్యాటరీ ప్లస్ మీద చూడండి. కంపెనీ ఇచ్చిన లావుపాటి కేబుల్ ఒకటుంది. దాని మీద తర్వాత ఎవరో బిగించిన వైర్లు మూడున్నాయి. ఒకటి హారన్‌కి, ఒకటి ఫాగ్ ల్యాంపులకి. మూడోది ఇంజినుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకులోంచి దూరి, డిక్కీలో ఉన్న ఆంప్లిఫయర్ దాకా వెళ్లింది. మూడింటిలో ఫ్యూజ్ ఉన్నది హారన్ వైరుకి మాత్రమే.

ఎండాకాలం వచ్చిందంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు తగలబడుతున్న వీడియో ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంది. ఎండకి పేలిందంటారు. ఎండకి కారు అంటుకోదండి. మన ఊళ్లో ఎండ 43 డిగ్రీలకు చేరిందే అనుకుందాం. పెట్రోల్ ఆవిరి నిప్పురవ్వ లేకుండా దానంతట అదే అంటుకోవాలంటే దాదాపు 250 డిగ్రీలు దాటాలి. ఎండ చేసేదల్లా పాత వైర్ల పైతొడుగును పెళుసు చేయడం, ఏసీ ఫ్యాన్ల మీద లోడు పెంచడం. నిప్పు పుట్టేది వేరే చోట. ఆయిలో, పెట్రోలో కారి వేడి ఎగ్జాస్ట్ మీద పడటం కూడా పెద్ద కారణమే. దాని గురించి ఇవాళ ఎక్కువ మాట్లాడను. లీకు కనిపించినా, పెట్రోల్ వాసన వచ్చినా బండి తీయకుండా మెకానిక్‌ని పిలిపించండి. ఇవాళ మన పని కరెంటుతో.

ముందు ఫ్యూజ్ సంగతి. ఫ్యూజ్ ఉన్నది స్టీరియోను కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. ఆ వైరు ఎంత కరెంటు మోయగలదో చూసుకుని కంపెనీ ఫ్యూజ్ పెడుతుంది. ఇదిగో, ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. నీలం మాటిమాటికీ పోతోందని దాని చోట ఆకుపచ్చ పెట్టారనుకోండి, షార్ట్ అయినప్పుడు ముందు కరిగేది ఫ్యూజ్ కాదు, వైరు. ఫ్యూజ్ చోట రాగి తీగ చుట్టి పంపేవాళ్లూ ఉన్నారు. వాళ్ల భాషలో దాన్ని ‘డైరెక్ట్ చేయడం’ అంటారు. ఇంకో మాట. 15 ఫ్యూజ్ 15 దాటగానే టప్పున పోదు. 20 లాగుతున్నా కొన్నిసార్లు నిమిషాల పాటు అలాగే ఉంటుంది.

అయినా షార్ట్ సర్క్యూట్‌ను ఎలాగో ఒకలాగ ఫ్యూజ్ పట్టుకుంటుంది. అది పట్టుకోలేనిది లూజ్ కనెక్షన్. నా దృష్టిలో ఈ వీడియో మొత్తంలో ముఖ్యమైన పాయింటు ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. జాయింటు వదులైనప్పుడు కరెంటు పెరగదు. నిజానికి కొంచెం తగ్గుతుంది. పెరిగేది ఆ జాయింటు దగ్గర రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు. పావు ఓమ్ రెసిస్టెన్స్ ఉన్న జాయింటులోంచి 10 ఆంపియర్లు వెళ్తే అక్కడ 25 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ కూడా 25 వాట్లదే. దాన్ని వేడిగా ఉండగా డ్యాష్‌బోర్డ్ వెనక, స్పాంజికీ ప్లాస్టిక్‌కీ మధ్య వదిలేసినట్టు అన్నమాట. ఫ్యూజ్ చూస్తే 15ది, వెళ్లే కరెంటు 10. ఫ్యూజ్ లెక్కలో అంతా సవ్యంగానే ఉంది.

అందుకే కారు చూసేటప్పుడు నేను వైర్ల కంటే జాయింట్లు ఎక్కువ చూస్తాను.

ఈ ఆంప్లిఫయర్ వైరు దగ్గరకు రండి. స్టీరియో, ఆంప్లిఫయర్, డ్యాష్‌క్యామ్, రివర్స్ కెమెరా మీరు రాణిగంజ్‌లో బిగించుకున్నా, ఇంటి పక్క షాపులో బిగించుకున్నా మూడు విషయాలు దగ్గరుండి చూసుకోండి. బ్యాటరీ నుంచి నేరుగా తీసే వైరుకు అడుగున్నర లోపే ఫ్యూజ్ ఉండాలి. ఆంప్లిఫయర్ దగ్గర, వెనకాల ఉన్న ఫ్యూజ్ ఆ మెషీన్‌కే పనికొస్తుంది. మధ్యలో ఉన్న పదిహేను అడుగుల వైరు రేకుకు రాసుకుని షార్ట్ అయితే ఆ ఫ్యూజ్‌కి తెలియను కూడా తెలియదు. రెండు, రేకులోంచి వైరు దూరే చోట రబ్బరు బుష్ ఉండాలి. ఇక్కడ లేదు. చూడండి, పైతొడుగు ఇప్పటికే గీరుకుపోయింది. మూడోది, వైరు కోసి, రెండు కొసలు మెలేసి టేపు చుట్టనివ్వకండి. మన ఎండలకు ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఉన్న కిట్ అడగండి, లేదంటే సోల్డర్ చేసి స్లీవ్ వేయమనండి. ఇంకో రెండు మూడు వందలు అవుతాయని షాపాయన గొణిగితే గొణగనివ్వండి.

హెడ్‌లైట్ బల్బులు. కంపెనీది హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55 వాట్లది. హై బీమ్‌లో సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. దాని చోట 100, 90 వాట్లది పెడితే 8 దాటుతుంది. వైరు అదే, స్విచ్ అదే. వేడి మాత్రం కరెంటు వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది కాబట్టి దాదాపు మూడు రెట్లవుతుంది. విడిగా రిలే కిట్ (బ్యాటరీ నుంచి బల్బుకు వేరే వైరు ఇచ్చేది) వేస్తే పర్లేదంటారు, నిజమే. నన్నడిగితే కంపెనీ బల్బే ఉంచుకోండి, ఎదురొచ్చే వాళ్ల కళ్లూ బాగుంటాయి.

ఈ కారులో 100 వాట్ల బల్బులే ఉన్నాయి. మల్టీమీటరుతో చూద్దాం. డీసీ వోల్టుల మీద పెట్టాను. ఇంజిన్ ఆఫ్‌లో బ్యాటరీ 12.5 చూపిస్తోంది, బాగుంది. స్టార్ట్ చేస్తే 14.1. మామూలుగా 13.8 నుంచి 14.5 లోపు ఉండాలి. కొన్ని కొత్త కార్లలో ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) అవసరాన్ని బట్టి తగ్గించుకుంటుంది, తక్కువ కనిపించినా కంగారు పడకండి. 15 దాటితే మాత్రం ఛార్జింగ్ వ్యవస్థ చెడింది, ఆ బండి ఆలస్యం చేయకుండా చూపించాలి.

ఇప్పుడు ఇంజిన్ ఆపి హై బీమ్ వేశాను. మీటరు ఎర్ర పిన్ను బ్యాటరీ ప్లస్ మీద. నల్ల పిన్ను హెడ్‌లైట్ కప్లర్ వెనక నుంచి, ప్లస్ వైరు పక్కన గుచ్చాను. బల్బు తీయకూడదు, వెలుగుతూనే ఉండాలి. ఎడమ వైపు 0.4 వోల్టు, పర్లేదు. కుడి వైపు... 1.6. అంటే ఈ దారిలో 1.6 వోల్టులు ఎక్కడో వేడిగా మారిపోతున్నాయి. ఏడెనిమిది ఆంపియర్ల మీద లెక్కేస్తే 12 వాట్ల చిల్లర. లైటు ఆర్పి కప్లర్ ఊడదీద్దాం. చూశారా, తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారింది, ఒక పిన్ను సడలిపోయింది. ఇంకా పొగ లేదు, వాసన లేదు, ఫ్యూజ్ నిక్షేపంగా ఉంది. కప్లర్ మార్చి, మామూలు బల్బు వేయమని ఓనరు గారికి చెప్పాను.

వరదలో మునిగిన బండ్ల సంగతి కూడా ఇంతే. 2020 అక్టోబర్ వానలకు టోలీచౌకి నదీం కాలనీ లాంటి చోట్ల కార్లు నిండా మునిగాయి. అలా మునిగిన బండ్లను సీట్లు ఉతికి, సెంటు కొట్టి సెకండ్ హ్యాండ్‌లో అమ్మేస్తుంటారు. సీటు కింద ఉండే కప్లర్లు విప్పి చూడండి. పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము ఉంటే, ఆ చిలుమే రెసిస్టెన్స్. అలాంటి బండి ఎంత చవకైనా నేనైతే కొనను.

ఎలుకలు. నవ్వకండి, సెల్లార్ ఉన్న ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఇది ఉన్న సమస్యే. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులు బండి వదిలేస్తే ఇంజిన్ గదిలో గూడు పెట్టేస్తాయి. పైతొడుగు కొరికేసిన రెండు వైర్లు తాకితే షార్టే. తిరిగొచ్చాక తాళం తిప్పేముందు బోనెట్ ఎత్తి చూడండి. గుడ్డ పీలికలు, ఎండుటాకులు ఉంటే తీసేయండి, అవి మంటకు మేత. కొందరు పొగాకు కాడలు, కలరా ఉండలు వేస్తారు. ఎలుక సంగతేమో గానీ, ఆ రెండూ మండేవే. దానికన్నా సెల్లార్‌లో చెత్త డబ్బా జరిపించడం నయం.

సెల్లార్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్ అపార్ట్‌మెంట్ ప్రమాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కారు రిపేరు చేస్తుండగా నిప్పు పుట్టిందని అప్పట్లో వార్తలొచ్చాయి. కింద నిల్వ పెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పైఅంతస్తుల్లో వాళ్ల ప్రాణాలు పోయాయి. పార్కింగ్‌లో పెయింటు డబ్బాలు, పాత పరుపులు దాచే అలవాటు ఉంటే అసోసియేషన్ మీటింగ్‌లో గట్టిగా అడగండి.

సరే, ఇప్పుడు ఆఖరి టెస్టు. తాళం తీసేశాక కూడా ఏదైనా కరెంటు తాగుతోందా అని. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు ఆఖర్న నెగెటివ్. తిరగేసి చేస్తే, స్పానర్ బాడీకి తగిలి నిప్పులు ఎగురుతాయి. నెగెటివ్ విప్పి, మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య కలిపాను. ఇలా ఉన్నప్పుడు పొరపాటున కూడా స్టార్ట్ చేయకండి, మీటరు పోతుంది. కారులోని కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఈలోపు పొగ వస్తే ఏం చేయాలో మాట్లాడుకుందాం.

ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చిందంటే ఏసీ, పాటలు అన్నీ ఆపి, ఎడమ పక్కకు తీసి, ఇంజిన్ ఆపేయండి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి చోట, పదకొండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన మీద ఉంటే, కిందికి దిగాక చూద్దాం అనిపిస్తుంది. వద్దు, అక్కడే ఆపండి. కరెంటు ఉండగానే డోర్లు అన్‌లాక్ చేసి, అద్దాలు దించేయండి. వైర్లు కాలాక పవర్ విండో పని చేయకపోవచ్చు. వెనక సీట్లో పిల్లలుంటే చైల్డ్ లాక్ వేసి ఉంటుంది, వాళ్లు లోపల్నుంచి తీసుకోలేరు, మీరే బయటి నుంచి తీయాలి. బ్యాగులు, లాప్‌టాప్ వదిలేయండి. కనీసం వంద అడుగుల దూరం, ట్రాఫిక్ తగలని వైపు నిలబడి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

బోనెట్ ఎత్తొద్దు. పొగ ఎక్కడినుంచో చూద్దామని ఎత్తితే గాలి అందుకుని మంట ముఖం మీదికే వస్తుంది. ఐఎస్ఐ మార్కున్న మంటలార్పే ఒక కిలో ఏబీసీ పౌడర్ సిలిండర్ డ్రైవర్ సీటు కింద పెట్టుకోండి. డిక్కీలో పెడితే కావాల్సినప్పుడు చేతికి రాదు. మంట ఇంకా చిన్నదైతే బోనెట్ సందులోంచి కొట్టండి, పెద్దదైతే ప్రయోగాలు చేయకండి. డోరు తెరుచుకోకపోతే ముందు అద్దం మీద బలం వృథా చేయకండి, అది పగిలినా ఊడి రాదు. పక్క అద్దం మూల మీద సుత్తితో కొట్టాలి.

ఎలక్ట్రిక్ కార్ల వాళ్లకు ఒక్క ముక్క. ఇంటి సాకెట్లో 3.3 కిలోవాట్ల ఛార్జింగ్ అంటే 14 ఆంపియర్లకు పైనే, అదీ గంటల తరబడి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడొద్దు. ఛార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్గు వెనక చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా కాక చుర్రుమంటే మెయిన్ ఆఫ్ చేసి సాకెట్ మార్పించండి. అక్కడా దోషం వదులు జాయింటుదే.

తాళం తీశాక కూడా కరెంటు ఉండే చోట్లు ఎంత ప్రమాదమో కంపెనీలకూ అనుభవమే. అమెరికాలో ఫోర్డ్, క్రూయిజ్ కంట్రోల్‌కు (బండి వేగాన్ని దానంతట అదే నిలిపి ఉంచేది) సంబంధించిన ఒక స్విచ్ కోసం కోటికి పైగా బండ్లు వెనక్కి పిలిచింది. ఆ స్విచ్‌లో ఎప్పుడూ కరెంటు ఉండేది. బ్రేక్ ఆయిల్ లోపలికి చేరడంతో ఆపి ఉంచిన బండ్లు అంటుకున్నాయి. 2023 సెప్టెంబర్‌లో హ్యుందాయ్, కియా కూడా అక్కడ సుమారు 34 లక్షల బండ్లకు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) మాడ్యూల్ వల్ల ఇలాంటి హెచ్చరికే ఇచ్చి, ఇంటికి దూరంగా పార్క్ చేయమన్నాయి. మన దగ్గర 2010లో నానో కార్లు కొన్ని కాలాక టాటా కంపెనీ ఎగ్జాస్ట్ దగ్గర, వైరింగ్‌లో అదనపు రక్షణ ఉచితంగా బిగించింది. మీ ఆర్సీలో 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉంటుంది, దాన్ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి రీకాల్ ఉందేమో చూసుకోండి. రీకాల్ పనికి డబ్బు తీసుకోరు.

ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మీ బండి కాలితే రూపాయి రాదు. ఫుల్ పాలసీ ఉన్నా, బయట బిగించిన స్టీరియో, లైట్ల గురించి పాలసీలో రాయించండి. లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

మీటరు దగ్గరకు వద్దాం. 180 మిల్లీ ఆంపియర్లు. 50 లోపు ఉండాలి. ఒక్కో వైరూ విప్పి చూద్దాం. హారన్ తీశాను, మారలేదు. ఫాగ్ ల్యాంపు తీశాను, అదే. ఆంప్లిఫయర్ వైరు తీశాను... 30కి పడిపోయింది. అంటే డిక్కీలో ఉన్నది రాత్రంతా నిద్రపోవడం లేదు. దాని ఆన్, ఆఫ్ వైరు తాళంతో పాటు ఆరిపోయే చోట కాకుండా ఎప్పుడూ కరెంటుండే చోట కలిపారు. ఫ్యూజ్ వేసి, రబ్బరు బుష్ పెట్టి, సరైన చోట కలిపే దాకా ఈ వైరు విప్పే ఉంచుతున్నాను, కొసకు టేపు చుట్టి.

నెగెటివ్ తిరిగి బిగించేశాను, చేత్తో ఊపితే కదలడం లేదు. గడియారం, రేడియో స్టేషన్లు పోతాయి, మళ్లీ సెట్ చేసుకోవాలి. కొన్ని కార్లలో ఆటో విండో కూడా పని మానేస్తుంది. అద్దం పూర్తిగా పైకి ఎత్తి, స్విచ్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలా బండ్లలో సర్దుకుంటుంది.