లైటు తక్కువున్న ట్యాంకుకి మొక్కలు: ఆకు కంటే ముందు అడుగు చూడండి

నమస్కారం అండీ. చేపల ట్యాంకుతో పాటు వచ్చిన మామూలు లైటే ఉంది, మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే సీఓటూ సిలిండర్ లేదు, అయినా లోపల నిజం మొక్కలే కావాలి అనేవాళ్ల కోసం ఈ వీడియో.

షాపులో ఎర్రాకుల మొక్క కనిపిస్తే చెయ్యి అటే పోతుంది. వద్దండీ. తక్కువ లైటులో ఆ ఎరుపు నిలవదు. కాడ సన్నగా సాగిపోతుంది, కింది ఆకులు రాలిపోతాయి. కార్పెట్‌లా పరుచుకునే మొక్కలూ అంతే.

మరి ఏం తేవాలి? ఇదిగో, అనూబియాస్ నానా. దీని ఆకుల సంగతి తర్వాత, ముందు కింద చూడండి. అల్లం కొమ్ములా అడ్డంగా ఉందే, ఇదే రైజోమ్. దీని నుంచి వేలాడేవి వేర్లు. వేర్లు ఇసుకలోకి పోయినా ఫర్వాలేదు, రైజోమ్ మాత్రం ఇసుక పైనే ఉండాలి. పూడ్చేస్తే కొన్ని వారాల్లో మెత్తబడి కుళ్లిపోతుంది. ఆకులు ఇంకా పచ్చగా ఉండగానే కాడతో సహా ఊడి పైకి తేలతాయి. అది చూసి లైటు చాల్లేదనుకుని ఇంకో లైటు కొంటారు. తప్పు లైటుది కాదు, పాతిన తీరుది.

కొనేటప్పుడే రైజోమ్‌ని వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే తీసుకోండి. మెత్తగా, గోధుమరంగులో ఉండి వాసన వస్తుంటే వదిలేయండి. ఇంటికొచ్చాక చివర కాస్త కుళ్లు కనిపిస్తే, గట్టి పచ్చభాగం వచ్చేదాకా బ్లేడుతో కోసేస్తే సరిపోతుంది.

ఇక దీన్ని రాయికో చెక్కకో అంటించాలి. జెల్ రకం సూపర్ గ్లూ, అంటే సయనోయాక్రిలేట్, పెసరగింజంత చాలు. రాయి తడి తుడిచి, రైజోమ్‌ని పెట్టి పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. నీళ్లలోకి వెళ్లాక గ్లూ తెల్లబడుతుంది, కంగారు పడకండి. గ్లూ వద్దనుకుంటే నూలు దారం కట్టండి, మరీ బిగించొద్దు.

జావా ఫెర్న్‌కీ ఇదే పద్ధతి. ఆకు వెనక వరసగా నల్లటి బొడిపెలొస్తే రోగమనుకుని కత్తిరించేస్తారు పాపం. అవి స్పోర్లు, అంటే ఫెర్న్‌కి విత్తనాల్లాంటివి, తయారయ్యే చోట్లు, అంతే. పాత ఆకుల మీద పిల్ల మొక్కలు కూడా వస్తాయి, వేర్లు దిగాక తుంచి వేరే రాయికి కట్టుకోవచ్చు. ఆకుల్లో చిన్న చిన్న చిల్లులు పడితే మాత్రం ఎక్కువసార్లు పొటాషియం లోపమే.

క్రిప్టోకోరిన్ వెండ్టీ దగ్గర లెక్క తిరగబడుతుంది. దీనికి వేర్లే నోరు. ఐదారు సెంటీమీటర్ల ఇసుకలో పాతి, ఆకులు మొదలయ్యే చోటు పైకి ఉంచి, పక్కన ఒక రూట్ ట్యాబ్, అంటే వేర్ల దగ్గర పెట్టే ఎరువు బిళ్ల, గుచ్చండి. రెండు మూడు నెలలకోసారి కొత్తది. పెట్టిన వారం పది రోజుల్లో ఆకులు జిగురుజిగురుగా కరిగిపోవచ్చు. చోటు మారినా, నీళ్లు మారినా ఇది ఇలాగే చేస్తుంది. పీకి పారేయకండి! కరిగిన ఆకులు మాత్రమే తీసేసి, మొక్కను కదపకుండా వదిలేయండి. వేరు బాగుంటే కొన్ని వారాల్లో కొత్త ఆకు వస్తుంది.

లైటు మొదట్లో రోజుకి 6 గంటలు, తర్వాత మెల్లగా 8. టైమర్ పెట్టేయండి, లేదంటే చేపల్ని చూస్తూ రాత్రిదాకా ఆర్పబుద్ధి కాదు. మొక్క ఎదగట్లేదని లైటు పెంచితే లాభం పాచికే. ఇవి పుట్టుకతోనే నెమ్మది, అనూబియాస్ కొత్త ఆకు వేయడానికి వారాలు పడుతుంది. చాలాకాలం ఉండే ఆ ఆకు మీద లైటు సూటిగా పడితే పచ్చటి పాచి చుక్కలు కడతాయి, గోకినా పోవు. అందుకే దాన్ని చెక్క నీడలో పెట్టండి.

వెనక వరసకి పొడుగాటి మొక్క కావాలంటే వాలిస్నేరియా. అయితే పాచి పోవడానికని గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనం ఉన్న లిక్విడ్ కార్బన్ మందు పోసే అలవాటుంటే వాలిస్నేరియా జోలికి పోకండి, దాని ఆకులు కరిగిపోతాయి.