వాయుగుండం వేళ సముద్రం: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. నైరుతి బంగాళాఖాతంలో వాయుగుండం ఉంది. నెల్లూరు నుంచి కృష్ణా జిల్లా దాకా రెండు రోజులుగా విడిచి విడిచి వానలు. కృష్ణపట్నం, నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో మూడో నంబరు హెచ్చరిక ఉంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో సముద్రం తీరు గురించి మీ సందేహాలకు జవాబివ్వడానికి, వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త మనతో ఉన్నారు. నమస్కారం సార్.

నిపుణుడు: నమస్కారమండీ. ఒక మాట ముందే చెప్పేస్తాను, తర్వాత ఎలాగూ పదిసార్లు చెబుతాను. ఆకాశం చూసి బయల్దేరకండి, బులెటిన్ చూసి బయల్దేరండి. ఆఁ, ఎవరున్నారు?

వ్యాఖ్యాత: చీరాల నుంచి ఒకరు. చెప్పండమ్మా.

కాలర్ (చీరాల): నమస్తే అండీ. కార్తీక పౌర్ణమికి పిల్లల్ని తీసుకుని సూర్యలంక వెళ్దామనుకుంటున్నాం, సముద్ర స్నానానికి. అప్పటికి వాన తగ్గిపోతే దిగొచ్చా అండీ?

నిపుణుడు: వాన తగ్గడం వేరు, సముద్రం తగ్గడం వేరమ్మా. వాయుగుండం తమిళనాడు వైపు దాటిపోయినా ఇక్కడ కెరటాలు ఒకట్రెండు రోజులు అలాగే ఉంటాయి. పైగా పౌర్ణమి, పోటు ఎక్కువ. ఒడ్డున నిలబడి చెంబుతో నెత్తిన పోసుకోండి, పుణ్యానికి లోటేమీ రాదు.

కాలర్ (చీరాల): పిల్లలు ఊరుకోరండీ...

నిపుణుడు: ఊరుకోబెట్టాలి. ఇంకోటి వినండి. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ, మధ్యలో ఒక చోట నీళ్లు నిమ్మళంగా కనపడతాయి. అందరికీ అక్కడే దిగాలనిపిస్తుంది. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోయే దారి అదే. లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, ఆ లాగుడు నుంచి తప్పుకున్నాక ఒడ్డుకి రావాలి. ఈత రాని పిల్లలకి ఇదంతా చెప్పి లాభం లేదు కాబట్టి, దింపకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తర్వాతి కాలర్, నిజాంపట్నం.

కాలర్ (నిజాంపట్నం): హలో... వినపడుతుందా అండీ?

వ్యాఖ్యాత: వినపడుతోంది. మీ రేడియో సౌండ్ తగ్గించి మాట్లాడండి.

కాలర్ (నిజాంపట్నం): తగ్గించానండి. సార్, నాకు రెండు బోట్లున్నాయి. మా నాన్న తెరచాప పడవ మీద వేట చేసినోడు. అప్పుడు ఫోన్లా, బులెటిన్లా? ఏ మూల మెరిసిందో చూసి చెప్పేవాడు. ఇప్పుడు చూడండి, పొద్దుటి నుంచి మా దగ్గర ఎండ కాస్తుంది, గాలి కూడా పెద్దగా లేదు. మూడో నంబరు ఎగరేసి కూర్చోబెట్టారు. ఐస్ వేయించాను, డీజిల్ పోయించాను, కళాసీలకి అడ్వాన్సులు ఇచ్చేశాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం. మిగతా రోజులు కూడా ఇట్టా పోతే అప్పులెట్టా తీరతాయి? రేపు తెల్లారుజామున వదలొచ్చా సార్?

నిపుణుడు: వదలకూడదు.

కాలర్ (నిజాంపట్నం): కాదు సార్, ఎండ...

నిపుణుడు: ఎండ సంగతే చెబుతున్నా. వాయుగుండం చుట్టూ మబ్బు ఒకే ముద్దగా ఉండదు. పట్టీలు పట్టీలుగా తిరుగుతుంటుంది. రెండు పట్టీల మధ్య ఖాళీ మీ మీదికొస్తే ఎండ కాస్తుంది. వెనక పట్టీ వచ్చిందా, కాసేపట్లో ఈదురుగాలి. బులెటిన్లో గంటకి 45 నుంచి 55, ఒక్కోసారి 65 కిలోమీటర్లు అని రాస్తారే, ఆ 65 అప్పుడొస్తుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది, బోటు మీద ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. సరే, ఒడ్డున నిలబడి కెరటానికీ కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టారా ఇవాళ?

కాలర్ (నిజాంపట్నం): లెక్కపెట్టలేదు గానీ, కెరటం పొడుగ్గా వస్తుంది సార్. నిదానంగా వచ్చి గట్టిగా కొడుతుంది.

నిపుణుడు: అదీ! మీ కంటికే కనపడుతోంది. దగ్గర గాలికి లేచిన కెరటాలు చిన్నగా, వెంటవెంటనే వస్తాయి. పది సెకన్లకొకటి చొప్పున పొడుగ్గా వస్తున్నాయంటే దూరంలో ఎక్కడో గట్టిగా గాలి వీస్తోందని. అలాంటి అలల గుంపు గంటకి సుమారు 28 కిలోమీటర్లు నడుస్తుంది. వాయుగుండం మామూలుగా గంటకి పది, పదిహేను కిలోమీటర్లే కదులుతుంది. అంటే దానికన్నా ముందే దాని కెరటం మీ ఒడ్డుకి చేరుతుంది. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా సరే. మీ నాన్నగారుంటే ఆ కెరటం చూసే ఆగేవారు.

కాలర్ (నిజాంపట్నం): ఆగేవాడే సార్. మరి బులెటిన్లో అల రెండున్నర మీటర్లు అన్నారు. రెండున్నరకి మా బోటు తట్టుకుంటుంది.

నిపుణుడు: ఆ రెండున్నర అన్నిటికన్నా పెద్ద అల ఎత్తు కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు వాటిని మాత్రమే తీసుకుని కట్టిన సగటు. ఆ లెక్కలో ఎప్పుడో ఒకటి దానికి దాదాపు రెట్టింపు ఎత్తున రావచ్చు. నడిసముద్రంలో దాన్ని కూడా ఎక్కి దిగుతారేమో. ఏరు సముద్రంలో కలిసే మొగలో ఏం చేస్తారు? రెండున్నర మీటర్ల అల సుమారు మూడు మీటర్ల లోతుకి రాగానే విరుగుతుంది. మొగ దగ్గర ఇసుక మేట మీద లోతు ఎంతుంటుంది మీకు?

కాలర్ (నిజాంపట్నం): ఆటులో అయితే అంత కూడా ఉండదు.

నిపుణుడు: ఇంకేముంది. పైనుంచి వానలకి వాగుల నీళ్లు కూడా బయటికి తోస్తుంటాయి. లోపల్నుంచి నీటి తోపు, బయటినుంచి కెరటం. రెండూ ఢీకొట్టే చోట బోటు అడ్డం తిరిగితే అంతే. ఆటు వేళ మొగ దాటొద్దు, చీకట్లో అసలే దాటొద్దు.

కాలర్ (నిజాంపట్నం): అర్థమైంది సార్. అయితే... రేపు కాకపోతే ఎల్లుండి తెల్లారి వదలొచ్చా?

నిపుణుడు: అయ్యా, మళ్లీ అక్కడికే వచ్చారు! మూడో నంబరు అంటే పదకొండుకి మూడు మార్కులని కాదు. ఒకటి, రెండు ఎక్కడో దూరంలో ఉన్నదాని గురించి. మూడు, నాలుగు మీ రేవు గురించే. ఐదు, ఆరు, ఏడు ప్రమాద హెచ్చరికలు. అందులోనూ ఐదు కన్నా ఆరు పెద్దదని కాదు, తుఫాను రేవుకి ఏ పక్కనుంచి దాటుతుందో చెప్పే తేడా అది. ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. హెచ్చరిక దించేదాకా ఆగండి, దించాక ఇంకో రోజు ఆగండి. ఇన్కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది, వాళ్లు సముద్రం స్థితి ఎప్పటికప్పుడు ఇస్తారు, అది కూడా చూడండి. ఎల్లుండి అని మీకెందుకింత తొందర?

కాలర్ (నిజాంపట్నం): తొందరేం కాదు సార్... ఒక బోటు లోపలే ఉంది.

నిపుణుడు: ఎక్కడ?

కాలర్ (నిజాంపట్నం): సముద్రంలో. నాలుగు రోజుల కిందట వెళ్లింది, అప్పటికి హెచ్చరిక లేదు. మా తమ్ముడి కొడుకు కూడా అందులోనే ఉన్నాడు. రెండో బోటు వేసుకుని ఎదురెళ్దామని...

నిపుణుడు: ముందే చెప్పొద్దా పెద్దాయనా? ఎదురెళ్లకండి. ఒకటి కోసం రెండు పోకూడదు. మాట్లాడారా వాళ్లతో?

కాలర్ (నిజాంపట్నం): పొద్దున పక్క బోటోళ్ల వైర్‌లెస్ సెట్లో దొరికారు. అంతర్వేది అవతల ఉన్నామన్నారు. వల నీళ్లలో ఉంది, తీసుకుని ఇంటికొచ్చేస్తామన్నారు.

నిపుణుడు: వినండి. అంతర్వేది అవతలుంటే వెనక్కి నిజాంపట్నం రమ్మనకండి. అది వాయుగుండానికి దగ్గరగా రావడమే, పైగా మీ మొగకి ఏ రాత్రివేళకో చేరతారు. కాకినాడ పొమ్మనండి. హోప్ ఐలాండ్ చాటున లోపల నీళ్లు కొంత నిమ్మళంగా ఉంటాయి. ఈశాన్య గాలికి ఎదురెళ్లాలి కాబట్టి ఆలస్యమవుతుంది. డీజిల్ ఎంతుందో ముందు అడగండి. వల తేలిగ్గా వస్తే తీసుకోమనండి, లేకపోతే కోసేయమనండి. వల పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

కాలర్ (నిజాంపట్నం): వల ఖరీదు తెలుసా సార్ మీకు...

నిపుణుడు: తెలుసు. అయినా కోసేయమనండి. లైఫ్ జాకెట్లు కేబిన్లో మూటగట్టి ఉంటాయి, నాకు తెలియనిది కాదు. ఇప్పుడే తొడుక్కోమనండి. ఇంజిన్ ఆగిపోతే బోటు అడ్డం తిరగకుండా పాత వలో, తాళ్ల మూటో ఏదో ఒకటి పొడుగాటి తాడుకి కట్టి ముందు వైపు నుంచి నీళ్లలోకి వదలమనండి. ముక్కు కెరటానికి ఎదురుగా నిలబడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ నెలల్లో మన తీరం వెంబడి నీటి ప్రవాహం దక్షిణానికి ఉంటుంది. ఇంజిన్ ఆగిన బోటు నెల్లూరు, తమిళనాడు వైపు కొట్టుకుపోతుంది. అందుకని ఏ టైముకి, ఎక్కడ ఆగిందో చెప్పడం చాలా అవసరం. 1554, కోస్ట్ గార్డ్ నంబరు. రాసుకున్నారా?

కాలర్ (నిజాంపట్నం): ఒకటి ఐదు ఐదు నాలుగు.

నిపుణుడు: ఆ, ఇబ్బంది వచ్చాక కాదు, ఇప్పుడే ఫోన్ చేసి బోటు నంబరు, మనుషుల సంఖ్య, చివరిసారి చెప్పిన చోటు ఇవ్వండి. మత్స్యశాఖ వాళ్లకీ చెప్పండి. ఫోన్ పెట్టేసి ముందు ఆ పని చూడండి.

కాలర్ (నిజాంపట్నం): అట్టాగే సార్. ఉంటాను సార్.

వ్యాఖ్యాత: మీ వాళ్లు క్షేమంగా చేరాలని కోరుకుంటున్నామండీ. తర్వాతి కాలర్... లైన్ కట్ అయినట్టుంది. ఉప్పాడ నుంచి ఒకరున్నారు.

కాలర్ (ఉప్పాడ): సార్, మాది ఒడ్డునే ఇల్లు. ముందు వరస ఇళ్లు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయి, ఇప్పుడు మాదే ముందు వరస. వాయుగుండం ఎక్కడో నెల్లూరు దగ్గరుంటే మాకెందుకు సార్ ఇంత కెరటం? రాత్రి గోడ దాకా వచ్చింది.

నిపుణుడు: చలికాలంలో ఉత్తరాన గాలి బరువెక్కి పీడనం ఎక్కువగా ఉంటుందమ్మా. కింద వాయుగుండంలో తక్కువ. రెంటి మధ్యా తేడా పెరిగితే తీరం పొడుగునా ఈశాన్య గాలి ముదురుతుంది. మీ ఒడ్డు తూర్పు వైపుకి తెరుచుకుని ఉంది, గాలీ కెరటం తిన్నగా మీ మీదికే. పోటు వేళకి అది తోడైతే నీళ్లు గోడ దాకా వస్తాయి. అమావాస్య, పౌర్ణములప్పుడు మీ తీరంలో ఆటుకీ పోటుకీ తేడా మీటరున్నర దాకా ఉంటుంది.

కాలర్ (ఉప్పాడ): ఉప్పెన వస్తుందా సార్? అందరూ భయపెడుతున్నారు. టెన్షన్‌గా ఉంది.

నిపుణుడు: వాయుగుండానికి దివిసీమ లాంటి ఉప్పెన రాదు. 1977 నవంబర్ 19న అక్కడ సుమారు 5 మీటర్ల ఎత్తున నీళ్లొచ్చాయి, అది చాలా పెద్ద తుఫాను. గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటితేనే తుఫాను అంటాం. ఇది ఇంకా అంతవరకు రాలేదు. కానీ తుఫానంటూ వస్తే, తూర్పు నుంచి పడమరకి దాటేదానికి ఉత్తరం పక్క ఉన్న ఊళ్లకే నీటి ముప్పు. గాలి అక్కడ సముద్రాన్ని ఊరి మీదికి తోస్తుంది. దక్షిణం పక్క నీళ్లు వెనక్కి కూడా పోతాయి. వెనక్కి పోయింది కదా అని చూడ్డానికి దిగకూడదు. ఇవాళ పోటు వేళకి పిల్లల్ని, కాగితాల్ని తీసుకుని లోపలి వీధిలో పడుకోండి. ఖాళీ చేయమని అధికారులు చెబితే వాదించకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. భీమవరం నుంచి ఒకరు.

కాలర్ (భీమవరం): సార్, రొయ్యల చెరువు. మూడు రోజులుగా ముసురు. ఏం చేయమంటారు?

నిపుణుడు: చెరువు నా సబ్జెక్టు కాదు గానీ, ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. రాత్రి, తెల్లారుజామున ఏరేటర్లు ఆపొద్దు. వాన నీళ్లకి ఉప్పదనం పడిపోతుంది, పైనీళ్లు తీసేసే దారి చూసుకోండి. కరెంటు పోయే అవకాశం ఉంది కాబట్టి జనరేటర్లో డీజిల్ ఉందో లేదో చూడండి. మేత, మందుల గురించి టెక్నీషియన్‌ని అడగండి.

వ్యాఖ్యాత: సార్, నిజాంపట్నం కాలర్ మళ్లీ ఫోన్ చేశారట. వాళ్లు కాకినాడ వైపు తిరిగారట, డీజిల్ సరిపోతుందట.

నిపుణుడు: సంతోషం. చేరేదాకా గంటగంటకీ మాట్లాడమనండి. రెండో బోటు సంగతి మళ్లీ అడిగారా?

వ్యాఖ్యాత: అడిగారట సార్.

నిపుణుడు: వద్దని చెప్పమనండి.

వ్యాఖ్యాత: చివరి కాలర్, విశాఖ నుంచి. టైము తక్కువుంది బాబూ.

కాలర్ (విశాఖపట్నం): సార్, నేను డిగ్రీ చదువుతున్నాను. చలికాలం తుఫాన్లు ఒడ్డుకొచ్చేసరికి బలహీనపడతాయంటారు, నిజమేనా?

నిపుణుడు: కొన్ని. 2013లో లెహర్ సముద్రంలో అతి తీవ్ర తుఫానుగా ఉండి, నవంబర్ 28న మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా దాటింది. ఉత్తరం నుంచి చల్లటి పొడిగాలి లోపలికి చొరబడుతుంది, పైన గాలి ఒకలా కింద ఒకలా వీచి తుఫాను నిలువుగా నిలబడకుండా చేస్తుంది, మన ఒడ్డు దగ్గర నీళ్లు కూడా కాస్త చల్లబడి ఉంటాయి. కానీ దాన్ని నమ్ముకోకూడదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీవ్ర తుఫానుగానే దాటింది. ఎలా కనిపెడతామంటే...

వ్యాఖ్యాత: సార్, సమయం అయిపోయింది, మన్నించండి. వచ్చే వారం పొగమంచు గురించి మాట్లాడుకుందాం. అత్యవసరానికి 112, సముద్రంలో ఆపదకి 1554. వార్తల తర్వాత తాజా బులెటిన్ ఉంటుంది. ధన్యవాదాలు సార్.

నిపుణుడు: నమస్కారం. ఆ బులెటిన్ వినండి.